మర్యాద జల్లెడ

నూకరత్నం అందరితోనూ మాట్లాడుతోంది, ఒక్క కొడుకుతో తప్ప.

ఇదెక్కడి గోలో పైడితల్లికి అంతుపట్టలేదు. నోట మాట పడిపోయిన మనిషికి యంత్రం మాట ఇచ్చింది, సంతోషం. యంత్రం పనిచేస్తే అందరి దగ్గరా పనిచేయాలి, చెడితే అందరి దగ్గరా చెడాలి. నర్సు వస్తే "కాసిన్ని మంచినీల్లు ఇయ్యమ్మా" అంటుంది. పక్కింటామె వస్తే "నీ కోడి మా వంటింట్లో దూరినాది" అంటుంది. చూడ్డానికి వచ్చిన డాక్టరు ఉమాపతిని పట్టుకుని "బాబూ, నీకు పెల్లయినాదా" అని కూడా అడిగింది. ఇంత శుభ్రంగా పలికే పెట్టె, కొడుకు ఎల్లాజీ గుమ్మంలో అడుగు పెట్టగానే బెల్లం కొట్టిన రాయిలా ఊరుకుంటుంది. యంత్రానికి కూడా ఇష్టాలూ అయిష్టాలూ ఉంటాయా అని పైడితల్లి నిజంగానే ఒకటి రెండుసార్లు అనుకుంది, అనుకుని సిగ్గుపడింది.

విశాఖపట్నం చేపల రేవులో నూకరత్నాన్ని ఎరగనివాళ్లు లేరు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ అక్కడ వేలం పాట పాడింది ఆవిడే. మైకు అక్కర్లేదు. ఆ గొంతు లేస్తే ఐసు లారీల డ్రైవర్లు కూడా హారను మీంచి చెయ్యి తీసేవాళ్లు. అలాంటి మనిషికి నిరుడు పక్షవాతం వచ్చి కుడి పక్కా, నోటి మాటా రెండూ పడిపోయాయి. బుర్ర మాత్రం నిక్షేపంలా ఉంది. అన్నీ తెలుసు, ఒక్కటీ చెప్పలేదు. మంచం మీద పడి కళ్లతో కేకలు వేసేది, అవి ఎవరికీ వినపడేవి కావు.

కొండ మీది పరిశోధనాలయం వాళ్లు ఆవిడ తలలో గోరంత పలక ఒకటి అమర్చారు. మనిషి మాట్లాడదామని అనుకున్నప్పుడు మెదడు నాలుకకీ గొంతుకీ కబురు పంపుతుంది కదా, దారి తెగిపోయిన ఆ కబురును పలక మధ్యలోనే పట్టుకుంటుంది. పట్టుకుని, అక్షరాల్లోకి మార్చి, ఛాతీ మీద వేలాడే చిన్న పెట్టెకి పంపుతుంది. పెట్టె పలుకుతుంది. గొంతు కూడా ఎవరిదో కాదు, నూకరత్నందే. రేవులో ఎవరో ఫోన్లో తీసిన వేలం వీడియోల్లోంచి ఆ గొంతును ఏరి తయారు చేశారు.

పలికే లోపల మధ్యలో ఒక తతంగం ఉంది, అదే పైడితల్లి ఉద్యోగం. పలక పట్టినదంతా వరుసల కింద లాగ్ ఫైల్లో పడుతుంది, ఒక్కో వాక్యానికి ఒక్కో వరుస. అందులో మాటలొక్కటే ఉండవు. మింగడం, ఆవులించడం, దగ్గబోయి ఆపుకోవడం అన్నీ ఉంటాయి. లోపల్లోపల గొణుక్కునేవి, అనబోయి మానుకున్నవి కూడా ఉంటాయి. అవన్నీ పలికితే ఇంట్లో నలుగురూ చెవులు మూసుకోవాలి. అందుకని పైడితల్లి షెల్ స్క్రిప్టులు రాసింది. ఒకదాని కింద ఒకటి జల్లెడలు పట్టినట్టు, ఫలానా తీరులో ఉన్న వరుసను పోనియ్యి, ఫలానా తీరులో ఉన్నదాన్ని ఆపు, అని చెప్పే చిన్న చిన్న ఆదేశాలు. పై జల్లెడలో మిగిలింది కింది జల్లెడలో పడుతుంది, ఆఖరికి మిగిలింది పెట్టె పలుకుతుంది.

ఇందులో ఒక కట్టుబాటు ఉంది. లాగ్ ఫైల్లో ఏముందో ఎవరూ తెరిచి చదవకూడదు. అది మనిషి మనసు. పైడితల్లి అయినా సరే, ఎన్ని వరుసలు వచ్చాయి, ఎన్ని పోయాయి అని లెక్క చూసుకోవచ్చుగానీ వరుసలో ఏం రాసుందో చూడ్డానికి వీల్లేదు. ఈ కట్టుబాటు పెట్టాలని పట్టుబట్టింది కూడా పైడితల్లే. ఇప్పుడు అదే ఆమె కాళ్లకి అడ్డం పడుతోంది.

*

ఎల్లాజీ పరిశోధనాలయానికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. బోటు నడిపే సరంగు అతను. సముద్రంలో పదిమందిని అదిలించి పని చేయించే మనిషి. ఇక్కడ మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు.

"మేడమ్, ఆ పెట్టి తీసీయండి" అన్నాడు.

"ఏమైందండి?"

"ఏటైంది అంటే ఏటి సెప్పను. ఆపరేషన్‌కి మా యమ్మ ఒల్లనని తల అడ్డంగా ఊపినాది. నానే ఇనకుండా సంతకం పెట్టీసినాను. దాని తలకాయి కోయించినానని నామీద కోపం. మాటొచ్చినాది గానీ నాతో మాటాడ్డానికి మనసు రానేదు. మొదట్లో నా ఏపు సూసీది. ఇప్పుడు నాను లోపలికొత్తే గోడేపు తిరిగిపోతంది. ఊరందరితో మాటాడతాది, నన్ను సూసి గోడేపు తిరిగిపోతాది. నాకు ముద్ద దిగట్లేదు మేడమ్."

తీస్తే మళ్లీ పెట్టడానికి లేదని పైడితల్లి చెప్పింది. అతనికి అది తెలుసు. తీయకపోయినా అది ఎల్లకాలం ఉండేది కాదని కూడా తెలుసు. పలక చుట్టూ లోపల మచ్చ కడుతుంది. మచ్చ ముదిరేకొద్దీ పలకకి కబురు అందదు. వానాకాలం దాటేసరికి మాట మళ్లీ సన్నగిల్లిపోవచ్చని ఉమాపతి మొదటిరోజే చెప్పాడు. అదీ ఈ యంత్రం ఇచ్చే వరం, తిరిగి తీసుకునే వరం.

"సేపల ఏట నిషేదం ఐపోతంది. వచ్చే వారం బోటు మీద ఎల్తే ఎప్పుడొస్తానో. నానొచ్చేసరికి ఆ మాటా ఉండదు. ఉన్నన్నాల్లూ నాతో ఒక్క ముక్కా ఆడకుండా ఎల్లిపోద్ది. ఆ మాట లేదనుకుంటేనే నయం" అన్నాడు. "అందరికీ మూగైతే నాకూ మూగే కదా. అప్పుడు బాదుండదు."

సోమవారం తీసేయడానికి ఉమాపతి దగ్గర ఒప్పుకుని, సంతకం పెట్టి వెళ్లాడు. ఇది చేపలు పట్టడం ఆపే వేసవి నిషేధకాలం కాబట్టి, పాపం, రోజంతా ఇంట్లోనే ఉండి తల్లి వీపు చూస్తూ గడుపుతున్నాడు.

*

పైడితల్లి ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా కూడా తెరవకుండా లెక్కలు ముందేసుకుంది. పెట్టెలో చిన్న మైకు కూడా ఉంది కాబట్టి, అది ఎప్పుడు ఎల్లాజీ గొంతు విన్నదో తెలుసు. ఆ సమయాల్లో లాగ్‌లో పడిన వరుసలు ఎన్ని, పలికినవి ఎన్ని, రెండూ పక్కపక్కన పెట్టింది. పెట్టి చూసి, తప్పు చేశానేమోనని మళ్లీ చేసింది.

కొడుకు లేనప్పుడు వచ్చే వరుసలు ఒక మోస్తరుగా ఉన్నాయి. కొడుకు వచ్చాడంటే అవి జోరున కురుస్తున్నాయి. పలికేది మాత్రం శూన్యం.

ఉమాపతి వచ్చి ఆమె భుజం వెనక నుంచి చూశాడు.

"కోపంలో అలాగే ఉంటుందమ్మా. గొంతు బిగుసుకుంటుంది. మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. ముక్కల్ని మన జల్లెడే పారేస్తుంది" అన్నాడు.

"ముక్కలైతే మొదటి జల్లెడలోనే పోవాలి సార్. మాట్లాడడం ఇష్టం లేని మనిషి ఇన్ని వరుసలు ఎందుకు పంపుతుంది?"

"ఇష్టం లేకే పంపుతోందేమో. మనసులో తిట్టుకోవడానికి ఇష్టం ఉండాలా?"

అదీ నిజమే అనిపించింది. ఒక పావుగంట పోయాక అదేం నిజమనిపించింది. తలలో దారం ముడిపడిపోయి, ఏ కొస లాగినా ఇంకాస్త బిగుసుకుంటోంది. ఆఖరికి ఒక పని చేసింది. జల్లెడకీ జల్లెడకీ మధ్య ఒక్కో లెక్క పెట్టే ఆదేశం దూర్చింది. ఇక ఏ మెట్టు మీద ఎన్ని పడిపోతున్నాయో ఎప్పటికప్పుడు ఫోన్లో కనిపిస్తాయి. ఆ ఫోను పట్టుకుని రేవు పక్కనున్న ఎల్లాజీ వాళ్లింటికి బయల్దేరింది.

*

వీధి పొడుగునా విప్పి పరిచిన వలల్లో కూర్చుని మగవాళ్లు చిరుగులు అల్లుతున్నారు. వాళ్లని దాటుకుంటూ వెళ్లేసరికి ఎల్లాజీ భార్య మంగ ఎదురొచ్చి చాప వేసింది. నిండు నెలలు. రెండు కాన్పులు చేజారిపోయాక నిలబడిన కడుపు. లేవడానికీ కూర్చోవడానికీ ఆయాసపడుతోంది.

నూకరత్నం కిటికీ పక్క మంచం మీద ఉంది. ఛాతీ మీద పెట్టె.

"ఎండనబడొచ్చినావు పిల్లా, మజ్జిగ తాగు" అంది పెట్టె. చక్కగా, ఖంగుమని.

"తాగుతాను పెద్దమ్మా. నీకెలాగుంది?"

"ఎలగుంటాను. పడున్నాను." ఒక్క క్షణం ఆగి, "మంగా, పిల్లకి మజ్జిగియ్యే తల్లీ" అంది.

కోడల్ని మాత్రం తల్లీ అంటుందని పైడితల్లి గమనించింది. మజ్జిగ తెస్తూ మంగ గొంతు తగ్గించింది.

"నాతో ఇలగే మెత్తగా మాటాడతాది మేడమ్. కడుపుతో ఉన్నానని ఒల్లు దగ్గిరెట్టుకుని మాటాడతాది. ఇదివరకు అలగ కాదు. ఈ పెట్టి ఎట్టిన కొత్తలో ఒకరోజు దీపాలెట్టే ఏల ఎవులి మీదో కోపమొచ్చి 'నీ పాడె గట్ట' అనీసినాది. దీపాలేల తదాస్తు దేవతలు తిరుగుతారని మాకు పట్టింపు కదా. నాను బయపడి ఏడిసీసినాను. మాయన అప్పుడు ఏటకెల్లి సముద్రం మీదున్నారు. నాను ఫోన్లో ఏడిత్తే అప్పుడే మీకు సెప్పినారు, ఆ సావు మాటలు పలక్కుండా సెయ్యమని."

పైడితల్లికి గుర్తుంది. ఎల్లాజీ ఫోన్లో మొహమాటపడుతూ అడిగాడు. అశుభం మాటలు పలక్కుండా చూడమ్మా అని ఉమాపతీ అన్నాడు. ఆ పని పక్క సీటు ప్రభుదాసుకి అప్పగించింది. అతను రాసిన చిన్న స్క్రిప్టుకి మర్యాద అని పేరు పెట్టారు. ఆ తర్వాత అతను బెంగుళూరులో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. అందులో మార్చాల్సిందేమీ లేదని ఆమె మళ్లీ దాని వైపే చూడలేదు.

"ఏటో మేడమ్" అంది మంగ. "తిట్లు ఆగిపోతే బాగుంటాదనుకున్నాను. ఆగిపోయినకాడ్నించీ ఇల్లు ఇల్లులాగ లేదు. ఇదే ఎక్కువ బయమేస్తంది."

వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడయింది. ఎల్లాజీ లోపలికి వచ్చాడు. మోకాళ్ల దాకా తడిసిన లుంగీ, చేతిలో వల అల్లే సూది.

నూకరత్నం కళ్లు గబుక్కున కొడుకు మీదికి వెళ్లాయి. పైడితల్లి ఆ కళ్లనే చూస్తోంది. కోపం ఉన్న కళ్లు అలా ఉండవు అనుకుంది. చేతిలో ఫోను వణికింది. మొదటి జల్లెడ, దాటింది. రెండోది, దాటింది. మూడోది, నాలుగోది, దాటింది. ముక్కలూ కాదు, గొణుగుడూ కాదు, నిండు మాట. అది ఆఖరి మెట్టు దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది.

పెట్టె పలకలేదు.

మళ్లీ ఒక వరుస వచ్చింది, అదీ అక్కడే పోయింది. ఇంకొకటి, అదీ అంతే. నూకరత్నం పెట్టె వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. ఎడమ చెయ్యి మంచం పట్టె మీద దబదబా బాదింది. ఆపైన కళ్లలో నీళ్లు తిరిగి, గోడ వైపు మొహం తిప్పేసుకుంది.

"సూసినారా" అన్నాడు ఎల్లాజీ, వచ్చినవాడు వచ్చినట్టే బయటికి వెళ్లిపోయాడు.

పైడితల్లి మజ్జిగ గ్లాసు కింద పెట్టి ఫోన్లో లెక్క మళ్లీ చూసింది. ఆఖరి మెట్టు మర్యాద. మర్యాద తీసేది అశుభం మాటని, మాటనొక్కదాన్నే. మరి వరుసకి వరుసే ఎందుకు పోతోంది?

*

వీధి చివర టీ కొట్టు దగ్గర నిలబడి ప్రభుదాసుకి ఫోన్ చేసింది. అతనిది అనంతపురం.

"ఏమక్కా, బాగుండారా?"

"బాగానే ఉన్నాను. నువ్వు రాసిన మర్యాద స్క్రిప్టు మాటను తీసేస్తుందా, వరుసను తీసేస్తుందా?"

"వరుసనే అక్కా. మాట ఒక్కటి పీకేస్తే మిగిలింది వినేదానికి వింతగా ఉంటాది. 'నీ' అని పలికి ఆగిపోతే నవ్వుతారు కదా. అందుకని వరుస మొత్తం ఎత్తేసినా. వరుసలు వెతికే గ్రెప్‌కి పక్కన మైనస్ వీ తగిలించినా, అంతే. ఈ మాటలుండే వరుస ఏది కనబడినా పోనీయొద్దు అని."

"ఏ మాటలు పెట్టావు?"

"మీరే చెప్తిరి కదా, ఆ యమ్మ కోడల్ని అడిగి రాసుకోమని. ఆమె చెప్పినవన్నీ పెట్టినా. పాడె, కాడు, కొరివి, ఇట్లాంటివి. చావు మాట ఒక్కటీ తప్పించుకోకుండా, వాళ్ల యాసలోనే దాని మొదటి అక్షరాలు పట్టుకుని ఎన్ని రూపాల్లో వచ్చినా ఆపేట్టు రాసినా. బాగా పనిచేస్తాంది కదక్కా?"

"బాగానే పనిచేస్తోంది" అంది పైడితల్లి.

చిక్కు వీడిందని ఊపిరి పీల్చుకోబోయి, పీల్చుకోలేకపోయింది. ఎందుకు ఆగుతోందో తెలిసింది సరే. కొడుకు కనపడగానే తల్లి నోట వరదలా వచ్చేవన్నీ చావు మాటలేనా? వాడు చావాలని తిడుతోందా? లేకపోతే నన్ను చావనియ్యరా అని ఏడుస్తోందా? రెండిట్లో ఏదైనా ఎల్లాజీ వినగలడా? పైడితల్లిది విజయనగరంలో బడిపంతుళ్ల ఇల్లు. వాళ్లింట్లో దీపం ఆర్పడాన్ని కూడా కొండెక్కించడం అంటారు. చావు అన్న మాట వింటేనే ఆమెకి ఒళ్లు జలదరిస్తుంది.

తిరిగి వెళ్లి ఉమాపతికి చెబితే, ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"కొన్ని మాటలు ఆగిపోవడమే మేలేమోనమ్మా. అమ్మ నాతో మాట్లాడలేదన్న బాధ ఒకటి. అమ్మ నన్ను చావమంది అన్న బాధ ఇంకొకటి. ఏది భరించడం తేలికంటావు?"

"నాకు తెలీదు సార్. తెలీకుండా సోమవారం మీరు తీసేస్తే, ఎప్పటికీ ఎవరికీ తెలీదు."

"లాగ్ తెరవకూడదన్నది నువ్వే."

"తెరవను. ఆవిడ ఒప్పుకుంటేనే వినిపిస్తాను. మాటలు ఆవిడవి."

ఆమె లాప్‌టాప్ సంచి తగిలించుకుని వెళ్తుంటే, నేనూ వస్తానుండు అన్నాడు ఉమాపతి.

*

వాళ్లు వెళ్లేసరికి ఎండ పల్చబడింది. వలలు మడతపెడుతున్నారు. పైడితల్లి మంచం పక్కన కూర్చుని, నూకరత్నం ఎడమ చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా, నువ్వు మీ అబ్బాయితో మాట్లాడుతున్నావు. మా జల్లెడ ఆపేస్తోంది. నువ్వు అన్నవేవో మేమెవరం చూడలేదు. దాచి ఉంచాం. వినిపించమంటావా? వద్దంటే చెరిపేస్తాను."

నూకరత్నం కళ్లు పెద్దవయ్యాయి. పెట్టె ఖంగుమంది.

"ఎన్నాల్లకడిగినావే పిల్లా. ఇనిపించు."

ఎల్లాజీని లోపలికి పిలిచారు. పైడితల్లి అతనికి దాచకుండా చెప్పింది. "చావు మాటలున్న వరుసలే ఆగిపోయాయండి. ఏమున్నాయో నాకూ తెలీదు. కష్టంగా ఉండొచ్చు. వింటారా?"

వింటానని ఎల్లాజీ తల ఊపాడు. మంగని పక్క గదిలోకి వెళ్లమన్నాడు. ఆమె కదల్లేదు, పొట్ట మీద చెయ్యి వేసుకుని గడప దగ్గరే కూర్చుంది.

"తదాస్తు అంటే అననీ. నానెల్లను" అంది.

పైడితల్లి లాప్‌టాప్ తెరిచింది. ప్రభుదాసు రాసిన ఆదేశం ఒక్క గీత. అందులో మైనస్ వీ అన్న చిన్న ముక్క చెరిపేసింది. అంతే, జల్లెడ తిరగబడింది. ఇన్నాళ్లూ ఆ మాటలున్న వరుసలను ఆపినది, ఇప్పుడు ఆ మాటలున్న వరుసలనే వదులుతుంది. మర్యాద పెట్టిన రోజు నుంచీ దాచిన లాగ్‌ను పై జల్లెడల మీదుగా దానికి అందించి, మీట నొక్కేముందు కళ్లు మూసుకుంది. తెరిచి చూస్తే తెర మీద అక్షరాలు కనిపిస్తాయేమోనని.

పెట్టె పలికింది, రేవులో వేలం పాడిన గొంతుతో.

"సచ్చినోడా, తిన్నావేట్రా?"

"సచ్చినోడా, ఆ తడి లుంగీ ఇప్పి మార్సుకోరా. జొరమొచ్చి పడితే ఎవులు సేత్తారు నీకు?"

"ఇలగొచ్చి కూకోరా సచ్చినోడా. మొకం సూసి ఎన్నాల్లయినాదో."

ఉమాపతి పైడితల్లి వైపు చూశాడు. పైడితల్లి ఎల్లాజీ వైపు చూసింది. ఎల్లాజీ నోరు తెరుచుకుని, ఏదీ అర్థం కానివాడిలా పెట్టెనే చూస్తున్నాడు.

"ఇదేటి మేడమ్" అన్నాడు చివరికి. "ఇది అసుబం మాట కాదు కదా. ఇది నా పేరు. పుట్టినకాడ్నించీ నన్ను ఇలగే పిలుత్తాది."

గడప దగ్గర మంగ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అశుభం మాటలన్నీ ఏరి ఇచ్చింది తనే. రోజూ చెవిలో పడే ఈ మాట ఆమెకి ఆ జాబితాలోదని తట్టనే లేదు. తట్టకపోయినా, ప్రభుదాసు మొదటి అక్షరాలకి అది దొరికిపోయింది.

పెట్టె ఆగలేదు.

"ఓలమ్మా నర్సమ్మా, ఆ సచ్చినోడికి నా మాట ఇనపడ్డం లేదే. పిలిసి సెప్పమ్మా."

"మంగా, తల్లీ, ఆ సచ్చినోడితో సెప్పే. తలకాయి కోయించినందుకు నాకు కోపం లేదని. మొదట్లో బయమేసి ఒల్లనన్నాను. అంతే."

ఎల్లాజీ మెల్లిగా మంచం పక్కకి వచ్చి నేల మీద కూలబడ్డాడు. నూకరత్నం గోడ వైపు తిరగలేదు. కొడుకు మీద నుంచి చూపు తిప్పకుండా, తన గొంతును తనే వింటూ పడుకుంది.

ఉమాపతి పైడితల్లి చెవిలో చెప్పాడు. "పక్షవాతంలో కొత్తగా కూర్చుకునే మాట కష్టంగా వస్తుంది. నాలుకకి అలవాటైపోయిన మాట మాత్రం పోదు. దాన్ని పట్టుకునే మిగతా వాక్యంలోకి వెళ్తుందావిడ. ఆ మాట లేకుండా కొడుకుని తలుచుకోవడం ఆవిడ వల్ల కాదు. మనం ఆ తలుపే మూసేశాం."

అప్పుడు వేరే రకం వరుస ఒకటి వచ్చింది.

"సచ్చిపోతే బాగున్ను."

అది ఎవరినీ పిలిచింది కాదు. ఏదో మధ్యాహ్నం, ఒంటరిగా ఉన్నప్పుడు అన్నది కాబోలు. గొంతు మాత్రం అదే. ఆ మాటకీ ముందు మాటలకీ మొదటి అక్షరాలు ఒక్కటే. ఏ తీరు రాసి, ఏ జల్లెడ పట్టి, దీన్నీ దాన్నీ వేరు చేస్తుంది తను? పైడితల్లికి ఎంత ఆలోచించినా తోచలేదు. ఇంత చదువూ చదివి ఏం లాభం అని తనమీద తనకే చిరాకేసింది, ఏడుపూ వచ్చింది.

ఎల్లాజీ తల్లి చేతిని మొహానికి ఆనించుకున్నాడు. "ఒల్లకోమ్మా. అలగనకు" అన్నాడు.

వెంటనే వెనకటి వాటికి కూడా బదులు చెప్పడం మొదలుపెట్టాడు. పెట్టె వేరే ఏదో పలుకుతున్నా వినిపించుకోకుండా, పాత మాటలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటూ.

"తిన్నానమ్మా. పొద్దున సద్దన్నం తిన్నాను. లుంగీ ఇప్పుడే మార్సుకుంటాను. కోపం లేదని నాకు తెలీదమ్మా, ఎవులూ సెప్పలేదు."

పెట్టె అడుగుతోంది, అతను చెబుతున్నాడు. ఎప్పటివో ప్రశ్నలకి ఇప్పుడు జవాబులు. బోటు ఇంజను బాగయిందా అని అడిగింది, బాగయిందన్నాడు. నీ కళ్లెందుకు అలా లోపలికి పోయాయి అని అడిగింది, దానికి మాత్రం తల్లి చేతిలో మొహం దాచుకున్నాడు. నూకరత్నం నోరు ఒక పక్కకి వంకరపోయింది. ఆవిడ నవ్వుతోందని గుర్తుపట్టడానికి పైడితల్లికి కొంచెంసేపు పట్టింది.

వాళ్లిద్దరూ అలా ఉండగానే ఆమె వేళ్లు తమ పని తాము చేశాయి. మర్యాదను జల్లెడల వరసలోంచి మొత్తం తీసేసింది. ఇక లోపల అన్నది బయటికి వస్తుంది, తిట్టయినా, ఏడుపయినా, ఇంకేదయినా. ఉమాపతి జేబులోంచి సోమవారం కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. వానాకాలం ఎలాగూ వస్తుంది, ఆ మచ్చ ముదరకుండా ఏ స్క్రిప్టూ ఆపలేదు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు.

లాగ్‌లో ఆఖరి వరుస పలికింది. ఆవేళ మధ్యాహ్నం పట్టె బాదినప్పటిది అయ్యుంటుంది.

"సచ్చినోడా, నాను సచ్చేలోపల ఒక్కపాలి నన్ను రేవుకి తీసుకెల్లరా. బోట్లు సూత్తాను."

ఎల్లాజీ కిటికీలోంచి బయటికి చూశాడు. వీధిలో దీపాలు వెలిగే వేళవుతోంది. భార్య కడుపు వైపు ఒకసారి, తల్లి వైపు ఒకసారి చూశాడు.

"అలగేనమ్మా. దీపాలేలయింది కదా. రేపు తీసుకెల్తాను."

లాగ్ అయిపోయింది. అప్పుడు పెట్టె మళ్లీ పలికింది. ఈసారి దాచినది కాదు.

"రేపేట్రా సచ్చినోడా. ఇప్పుడు."

మంగ గోడ పట్టుకుని లేచి, అత్త చెప్పుల కోసం మంచం కిందికి వంగింది.